మిషన్ పక్కన అతికించిన కాగితం

ప్రశ్న:

అమ్మా, నమస్తే. మాది చిలకలూరిపేట. నాకు 33 ఏళ్లు. టెన్త్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇంటర్‌లో చేర్చలేదు, పదిహేడో ఏట పెళ్లి చేశారు. మా ఆయన ఎరువుల దుకాణంలో గుమాస్తా. పాప ఈ ఏడాది టెన్త్, బాబు ఆరో తరగతి. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు వస్తాయి. చిన్నప్పటి నుంచి టీచర్ కావాలని కోరిక. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ల పిల్లల చేత ఏదో ఒకటి చదివిస్తుంటాను. వాళ్లు కూడబలుక్కుని చదువుతుంటే మిషన్ ఆపేసి వింటాను. పోయినేడు మెగా డీఎస్సీలో మా వీధి అమ్మాయికి టీచర్ ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పంచితే సంతోషంగానే తీసుకున్నాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కలను రాసి కళ్ల ముందు పెట్టుకుంటే నిజమవుతుందని యూట్యూబ్‌లో విన్నాను. ఉగాది పూజలో సంకల్పం చెప్పుకుని, '2030 కల్లా గవర్నమెంట్ టీచర్' అని రాసి మిషన్ పక్కన గోడకు అతికించాను. మూడు నెలలైంది. దాన్ని చూస్తే ఉత్సాహం రావాల్సింది పోయి టెన్షన్ వస్తోంది. ఒకరు ఓపెన్‌లో డిగ్రీ చేసి బీఈడీ చెయ్యమంటారు, ఒకరు అంగన్‌వాడీకి పెట్టుకోమంటారు. మా ఆయన 'పిల్ల టెన్త్‌లో ఉంటే నువ్వు ఇంటర్ చదువుతావా' అంటున్నారు. టెన్త్ సర్టిఫికెట్ కూడా మా అమ్మ వాళ్లింట్లోనే ఉండిపోయింది. ఈ వయసులో ఇది అత్యాశేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

– పేరు వద్దు, చిలకలూరిపేట

సమాధానం:

అమ్మా, అత్యాశ కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన వాక్యం గోడ మీద కాగితం గురించినది కాదు. 'వాళ్లు కూడబలుక్కుని చదువుతుంటే మిషన్ ఆపేసి వింటాను' అన్నారు చూడండి, అది. గిరాకీ ఉన్న వేళ మిషన్ ఆపడం అంటే ఎంత ఖరీదో కుట్టేవాళ్లకు తెలుసు. మీరు ఆపుతున్నారు. అందుకే మీ కోరిక నిజమైనదని నాకు నమ్మకం కుదిరింది.

ఇక ఆ కాగితం. దాన్ని చూస్తే టెన్షన్ రావడంలో మీ మనసు బలహీనత ఏమీ లేదు. దాని మీద మీరు వేసుకున్న తేదీ మీ చేతిలో ఉన్నది కాదు, అంతే. మన రాష్ట్రంలో 2018 అక్టోబరులో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత పెద్ద ఎత్తున ఉద్యోగాలు భర్తీ అయిన డీఎస్సీ 16,347 పోస్టులతో 2025 ఏప్రిల్‌లో వచ్చిన మెగా డీఎస్సీయే. మధ్యలో ఆరున్నరేళ్లు. 2024లో ఒక ప్రకటన వచ్చినా ముందుకు సాగలేదు. తెలంగాణలోనూ గురుకులాలు కాకుండా మామూలు సర్కారు బడుల్లో 2017 తర్వాత టీచర్ పోస్టుల భర్తీ మళ్లీ 2024లోనే జరిగింది. ఆ ఏళ్లలో బాగా చదివి, అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్న పిల్లలు వేలమంది ఉన్నారు. '2021 కల్లా టీచర్' అని వాళ్లు గోడ మీద రాసుకుని ఉంటే 2021 చివర తమను తాము ఓడిపోయినవాళ్లుగా అనుకుని ఉండేవారు. కానీ వాళ్లు చెయ్యాల్సిందంతా చేశారు. నోటిఫికేషన్ ఇవ్వాల్సింది ప్రభుత్వం.

కాబట్టి మొదటి పని ఇది: '2030 కల్లా' అన్న మాట కొట్టేయండి. టీచర్ అన్న మాట ఉంచండి.

ఉగాది పూజలో సంకల్పం చెప్పుకున్నానని రాశారు. అందులో పురోహితుడు మనచేత ఏం చెప్పిస్తాడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పిస్తాడు. ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ రుతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం అన్నీ వరసగా వస్తాయి. తర్వాత గోత్రం, పేరు. కోరిక వచ్చేది ఆ తర్వాతే. ఎవరు, ఎక్కడ ఉండి, ఏ రోజున అన్నది ఖాయం చేశాకే ఫలానాది కావాలని అడుగుతాం. మీ కాగితం మీద కోరిక ఒక్కటే ఉంది, ముందు రావాల్సినవి లేవు. ఆ ముందు భాగాన్ని ఇప్పుడు మనం రాద్దాం.

దానికంటే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను 34 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. మొదటి పదేళ్లూ ప్రతి జూన్‌లో ఒకటే అనుకునేదాన్ని: ఈసారి మూడో తరగతిలో అందరికీ చదవడం రావాలి. చాలా గట్టిగానే అనుకునేదాన్ని. ఏప్రిల్ వచ్చేసరికి ఏడెనిమిది మంది చదవలేకుండానే నాలుగో తరగతికి వెళ్లిపోయేవాళ్లు. సెలవుల్లో బాధపడి, జూన్‌లో మళ్లీ అదే అనుకునేదాన్ని. పదకొండో ఏడు ఒక నోటు పుస్తకంలో పిల్లల పేర్లు రాశాను, 31 మంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని రెండు నిమిషాలు చదివించి, పేరు పక్కన వాళ్లు ఎక్కడ ఆగారో రాసేదాన్ని. అక్షరాలా, గుణింతాలా, వత్తులా, వాక్యమా. రెండు వారాలకే ఒక సంగతి తేలింది. ఆరుగురు వత్తుల దగ్గర ఆగిపోయారు. 'పలక' చదువుతారు, 'చంద్రుడు' దగ్గర నోరు కట్టుబడుతుంది. పదేళ్లుగా నేను అలాంటి పిల్లలకు కూడా అందరితో కలిపి కొత్త పాఠం చెప్పుకుంటూ పోయాను. ఆ ఏడు ఆ ఆరుగురికి రోజూ పావుగంట వత్తులే చేయించాను. సంక్రాంతికి నలుగురు దాటారు. ఒకరికి ఏప్రిల్ దాకా పట్టింది. ఇంకొకరికి ఆ ఏడాది రానేలేదు, మరుసటేడు వచ్చింది.

పదేళ్లు అనుకున్నదీ, ఆ ఏడు అనుకున్నదీ ఒకటే. మారింది ఆ నోటు పుస్తకం. అందరికీ రావాలి అన్నది కోరికగా ఉన్నంతకాలం సోమవారం పొద్దున నేను ఏం చెయ్యాలో అది చెప్పలేదు. 'ఈ ఆరుగురికి వత్తులు, సంక్రాంతి లోపు' అన్నాక ప్రతి పూటా ఏం చెయ్యాలో తెలిసిపోయింది.

ఈ లెక్క మీకు కొత్త కాదు. మాఘంలో పెళ్లి పెట్టుకున్న వాళ్లు పది జాకెట్లు తెచ్చి ఇస్తే మీరు ఏం చేస్తారు? ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెడతారు. మగ్గం వర్క్‌కి ఇవ్వాల్సినవి ముందు విడదీస్తారు, అవి తిరిగొచ్చేసరికి ఎన్ని రోజులు పడుతుందో మీకు తెలుసు. లైనింగ్ తడిపి ఆరేస్తారు. ఆది జాకెట్టు ముందే అడిగి పెట్టుకుంటారు. ముహూర్తం రోజు తలుచుకుని కంగారు పడుతూ కూర్చోరు. చదువుకు కూడా అలాగే వెనక్కి నడుద్దాం.

మీరు చెప్పదలచుకున్నది చిన్నపిల్లలకు. అంటే ఒకటి నుంచి ఐదు తరగతులు, ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు. దానికి కావాల్సింది డీఎడ్ అనే టీచర్ శిక్షణ డిప్లొమా, ఇప్పుడు దాన్ని డీఎల్ఈడీ అంటున్నారు. బీఈడీ చేసినవాళ్లు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు చెయ్యమని చెప్పినవాళ్లు మీ మంచి కోరే చెప్పి ఉంటారు గానీ, అది హైస్కూల్లో చెప్పాలనుకునేవాళ్ల దారి. మీ దారి దానికంటే చిన్నది. ఇంటర్, రెండేళ్ల డీఎడ్, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ వన్, ఆపైన డీఎస్సీ.

డీఎడ్‌లో చేరాలంటే డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దానికి గరిష్ఠ వయసు అడ్డు లేదు. ఇంటర్‌లో మాత్రం సగం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం. ఈ ఒక్క అంకె మీ మొదటి లక్ష్యాన్ని మార్చేస్తుంది. 'ఓపెన్ ఇంటర్ పాసవ్వాలి' అని రాసుకుంటే అత్తెసరు మార్కులతో పాసై సంతోషించి, తర్వాత డీఈఈసెట్ ఫారం దగ్గర ఆగిపోతారు. అలా ఆగిపోయిన అమ్మాయిలు నాకు తెలుసు. అందుకని మీ నోటు పుస్తకంలో '60 శాతంతో ఇంటర్' అని రాసుకోండి. పది శాతం చేతిలో అదనంగా ఉంచుకోవడం, లైనింగ్ గుడ్డ ఒక పావు మీటరు ఎక్కువ తీసుకున్నట్టే.

ఏపీ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్‌కు ఐదు సబ్జెక్టులు. మీరు టెన్త్ పాసై చాలా ఏళ్లయింది కాబట్టి ఐదూ ఒకే ఏడాది రాయొచ్చు. అన్నీ ఒకేసారి పాసవ్వకపోయినా పాసైనవి పోవు, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. అడ్మిషన్లు మామూలుగా జూలై, ఆగస్టు ప్రాంతంలో మొదలవుతాయి. ఫారం నింపే ముందు ఒక జాగ్రత్త: మీరు ఇంటర్‌లో తీసుకునే సబ్జెక్టులు రేపు డీఈఈసెట్‌లో ఎంచుకునే సబ్జెక్టుకు సరిపోవాలి. తేలికని ఎవరో చెప్పినవి టిక్కు పెట్టి రాకండి. స్టడీ సెంటర్ వాళ్లకు 'నాకు తర్వాత డీఎడ్ కావాలి' అని చెప్పి, ఏవి తీసుకోవాలో అడిగి రాయించండి.

వయసు లెక్క కూడా చూద్దాం. వచ్చే మార్చిలో ఇంటర్, ఆ వేసవిలో డీఈఈసెట్, తర్వాత రెండేళ్లు. మీకు 36, 37 వచ్చేసరికి డీఎడ్ చేతిలో ఉంటుంది. టెట్‌కు 150 మార్కులు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40 రావాలి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి అక్కడ కూడా పాసుతో సరిపెట్టుకోకూడదు. మెగా డీఎస్సీలో గరిష్ఠ వయసు 44, బీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వారికి 49. ఆ వయసులు అలాగే ఉంటే, సిద్ధమయ్యాక మీకు ఇంకా ఏడేళ్లో, పన్నెండేళ్లో ఉంటాయి. ఆలోగా నోటిఫికేషన్ ఎప్పుడు వచ్చినా మీరు గడప దగ్గర నిలబడి ఉంటారు. మీరు చెయ్యగలిగింది అదే, అది చాలా పెద్ద పని.

ఇప్పుడు ఈ ఒక్క ఏడాది గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఐదేళ్ల ప్లాను చక్కగా వేసి, ఈ జూలైని గాలికి వదిలేస్తారు.

యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు రోజూ రెండు గంటలు అంటారు. టైలరింగ్ చేసే మనిషికి రోజులన్నీ ఒకలా ఉండవని వాళ్లకు తెలియదు. మీకు పంచాంగమే టైంటేబుల్. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణం బట్టలు వచ్చి పడేదాకా రెండు, మూడు వారాలు మిషన్ తీరిగ్గా ఉంటుంది. శ్రావణమంతా ఊపిరి తిరగదు. భాద్రపదంలో వినాయక చవితి దాటాక మహాలయ పక్షాలు, మళ్లీ తీరిక. దసరా, దీపావళి, కార్తీకం పని. సంక్రాంతి బట్టలు ఇచ్చేశాక మాఘం వచ్చేదాకా కొంచెం ఖాళీ. మూఢాలు ఎప్పుడు పడతాయో కొత్త పంచాంగంలో చూడండి, అవి మీకు కలిసొచ్చే రోజులు. తీరిక రోజుల్లో రెండున్నర, మూడు గంటలు చదవండి. గిరాకీ రోజుల్లో అరగంట చాలు, కానీ ఆ అరగంట మానొద్దు. అరగంటలో కొత్త పాఠం పెట్టుకోకుండా చదివినదాన్నే తిరగేయండి.

పుస్తకాలు చేతికి రాగానే ఐదింటిలో కలిపి ఎన్ని పాఠాలున్నాయో లెక్కపెట్టండి. ఫిబ్రవరి ఒకటి వరకు ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టండి. ఉదాహరణకు వంద పాఠాలు, పాతిక వారాలు అయితే వారానికి నాలుగు. ఈ నాలుగు అన్న అంకె గోడ మీదకు ఎక్కాలి. ప్రతి ఆదివారం రాత్రి ఎన్ని అయ్యాయో రాయండి. రెండే అయితే రెండు అని రాయండి. సున్నా అయిన వారం కూడా సున్నా అని రాయండి, ఆ గడి ఖాళీగా వదలొద్దు. నా శుక్రవారం పుస్తకంలో ఖాళీ గడులు వచ్చిన నెలల్లోనే నేను దారి తప్పాను. సున్నాలు రాసిన నెలల్లో తప్పలేదు.

పరీక్షలు మార్చిలో ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది, మీ ఆయన దాన్నే చెబుతున్నారు. పాప టెన్త్ పరీక్షలూ అప్పుడే. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లి జాకెట్లూ అప్పుడే. మూడూ ఒకేసారి మీద పడితే మీరు వదిలేసేది మీ పరీక్షనే. అది ఇప్పుడే ఒప్పుకుందాం. కాబట్టి ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి చివరి దాకా కొత్త బట్టలు తీసుకోనని పాత ఖాతాదారులకు సంక్రాంతప్పుడే చెప్పేయండి. ఆ ఆరు వారాల్లో పోయే డబ్బు పదకొండు, పన్నెండు వేలు ఉంటుంది. ఇప్పటి నుంచి నెలకు పదిహేను వందలు పక్కన పెడితే అప్పటికి అది కూడుతుంది. డ్వాక్రా గ్రూపులో ఉంటే పొదుపు అక్కడైనా సరే, బ్యాంకులో ఆర్డీ అయినా సరే.

పాప చదువుకు మీ చదువు అడ్డం అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. డీఈఈసెట్ ప్రశ్నల్లో ఎక్కువ భాగం హైస్కూలు పాఠాల స్థాయిలోనే ఉంటాయి. పాప పుస్తకాలే మీ పుస్తకాలు. పొద్దున ఐదింటికి పాపతో పాటు మీరూ ఒక గంట కూర్చోండి. ఆ పిల్ల సోషల్ పాఠం మీకు అప్పజెబుతుంది, మీరు విన్నట్టూ ఉంటుంది, మీకు గుర్తున్నట్టూ ఉంటుంది. అమ్మ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్న ఇంట్లో పిల్లలు చదువుకు కూర్చోవడం ముప్ఫై నాలుగేళ్లు చూశాను. పాప పరీక్ష చెడుతుందన్న భయం మీ ఆయనకు ఉంది కాబట్టి ఈ ఏర్పాటు ఆయనకు ముందే చెప్పండి.

ఆయనతో మాట్లాడటం గురించి ఒక సలహా. 'నాకు చదువుకోవాలని ఉంది, ఒప్పుకుంటారా' అని అడగకండి. అలా అడిగితే ఆయన జవాబు చెప్పాల్సింది మీ కల మీద. దాని మీద ఎవరికైనా భయమే వస్తుంది. నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని కూర్చోండి: ఏ గంట చదువుతారు, ఎంత ఖర్చు, ఎన్నాళ్లు, ఆయన్నుంచి ఏం కావాలి. ఆయన్నుంచి కావాల్సింది చిన్నదిగా, తేల్చి చెప్పండి. స్టడీ సెంటర్‌లో క్లాసులున్న సెలవు రోజుల్లో మధ్యాహ్నం వంట ఆయన చూసుకోవాలి, లేదా బాబును హోంవర్క్‌కు కూర్చోబెట్టాలి. ఆయన మీ కలను మీ అంత గట్టిగా నమ్మాలని పట్టుపట్టకండి. ఆదివారం అన్నం వండితే ఈ ఏడాదికి చాలు. ఉద్యోగం వస్తుందన్న గ్యారంటీ ఏంటని అడుగుతారు. గ్యారంటీ లేదనే చెప్పండి. ఇంటర్, డీఎడ్ మాత్రం ఎవరూ తీసుకోలేనివని చెప్పండి.

డబ్బు గురించి నిజంగా ఆలోచించాల్సింది ఇంటర్ ఏడాది కాదు, డీఎడ్ రెండేళ్లు. అది ఇంట్లో కూర్చుని చేసేది కాదు. ఏడాదికి 200 పనిదినాలు, క్లాసులకు 80 శాతం హాజరు, బడుల్లో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. పగలు మిషన్ తొక్కడం కుదరదు. గుంటూరు వెళ్లే దారిలోనే బోయపాలెంలో ప్రభుత్వ డైట్ (డీఎడ్ చెప్పే కాలేజీ) ఉంది, మీకు అంతకంటే దగ్గరిది దొరకదు. ర్యాంకు తెచ్చుకుని అక్కడ సీటు సంపాదించడం మీ రెండో లక్ష్యం కావాలి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2025 ఆగస్టు నుంచి టికెట్‌కు డబ్బు లేదు కాబట్టి రానుపోను ఖర్చు మీద పడదు. కానీ నెలకు ఐదారు వేల ఆదాయం తగ్గుతుంది. దానికి ఇప్పటి నుంచే చెయ్యగలిగింది ఒకటి నాకు తోస్తోంది. మీ వీధిలో కుట్టు నేర్చుకోవాలనుకునే అమ్మాయిని ఒకరిని చూసి, ఈ ఏడాదిలో చేతికింద తయారు చేసుకోండి. ఫాల్స్, పీకో, హెమ్మింగ్ ముందు, తర్వాత కుట్టు. కటింగ్ మీరు రాత్రిపూట చేసి పెడితే పగలు తను కుడుతుంది. ఖాతాదారులు చెదిరిపోరు, సగం ఆదాయమైనా నిలుస్తుంది. పైగా ఒక మనిషికి ఒక పని ఓపిగ్గా నేర్పడం ఎలా ఉంటుందో మీకు తెలిసొస్తుంది. అది కూడా టీచర్ పనే.

అంగన్‌వాడీ సంగతి. వర్కర్ పోస్టుకు టెన్త్ చాలు, పెళ్లై అక్కడే నివాసం ఉండాలి, వయసు 35 దాటకూడదు. అంటే మీకు ఆ తలుపు ఇంకో రెండేళ్లే తెరిచి ఉంటుంది. చిన్నపిల్లలతో పని, గౌరవప్రదమైన పని. మీ వార్డులో ఖాళీ పడితే తప్పక పెట్టండి. అయితే వచ్చాక డీఎడ్ కోసం మానేయాల్సి వస్తుందేమో, అప్పుడు ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, మూడేళ్ల పిల్లలకు పాట నేర్పడంలో మీకు తృప్తి ఉంటే అదే మీ కల నిజమైనట్టు. కూడబలుక్కుని చదివే పిల్లల దగ్గరే మీ ప్రాణం ఉంటే డీఎడ్ వైపు వెళ్లండి. ఈ తేడా పట్టుకోవడానికి మీరు పరీక్షలేవీ రాయక్కర్లేదు.

ఎందుకంటే పిల్లలు మీ గుమ్మంలోకి రానే వస్తున్నారు. కల మొత్తంలో ఈ వారమే మొదలుపెట్టగలిగిన ముక్క ఏదైనా ఉందా అంటే అది ఇదే. చదవలేక ఇబ్బంది పడుతున్న ఇద్దరిని ఎంచుకోండి. ఎక్కువమందిని కూడగట్టి ట్యూషన్ పెట్టొద్దు, మీ చదువు గంట పోతుంది. ఇద్దరు, వారానికి మూడు సాయంత్రాలు, అరగంట. మొదటి రోజు ఏం చెప్పకుండా చదివించి చూడండి. అక్షరాలు వచ్చా, పదాలు వచ్చా, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా చదవగలరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ చదవగలరా. దేశమంతా గ్రామాల్లో చేసే అసర్ సర్వేలో కూడా పిల్లల చదువును ఈ నాలుగు మెట్లతోనే చూస్తారు. ఎక్కడ ఆగారో పేరు పక్కన తేదీతో రాయండి. తర్వాత అక్కడి నుంచే మొదలుపెట్టండి. కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతాయి, మెట్ల వారీగా విడదీసి ఉంటాయి.

రేపు డీఎడ్‌లో మీతో పాటు కూర్చునే పద్దెనిమిదేళ్ల పిల్లలను చూసి మీకు బెరుకు కలగొచ్చు. వాళ్లు పుస్తకంలో చదివే సంగతిని మీరు అప్పటికి ఏడాదిగా చేస్తూ ఉంటారు. వయసు తెచ్చే మేలు ఇది. దీన్ని మీరు తక్కువగా చూడొద్దు.

ఇక అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఈ ఆదివారం. అమ్మ వాళ్లింటికి వెళ్లి టెన్త్ మార్కుల మెమో వెతకండి. దొరికాక దాని మీద మీ పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. పెళ్లైన ఆడవాళ్లకు ఆధార్‌లో అత్తవారి ఇంటి పేరు, మెమోలో పుట్టింటి పేరు ఉండటం మామూలే. చివరి రోజున అది బయటపడి అప్లికేషన్ ఆగిపోతుంది. తేడా ఉంటే ఫారాలు మొదలయ్యేలోపే సరిచేయించుకోండి. మెమో దొరక్కపోతే దిగులొద్దు, చదివిన హైస్కూలు హెడ్మాస్టర్ ద్వారా డూప్లికేట్‌కు పెట్టుకోవచ్చు. దానికి రోజులు పడతాయి కాబట్టి ఆదివారమే తేలాలి. కుల ధ్రువపత్రం, ఫొటోలు కూడా అదే కవర్లో పెట్టేయండి.

కాగితం గోడ మీదే ఉండనివ్వండి. '2030 కల్లా' కొట్టేసి, కింద ఇలా రాయండి: ఈ ఆదివారం, మెమో. జూలైలో, ఓపెన్ ఇంటర్ ఫారం. వారానికి నాలుగు పాఠాలు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఇద్దరు పిల్లలు.

దసరాకు నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ఎన్ని పాఠాలయ్యాయో రాయండి, సున్నాలతో సహా. ఆ ఇద్దరు పిల్లలు ఏ మెట్టు మీద మొదలై ఏ మెట్టుకు వచ్చారో కూడా రాయండి. వత్తుల దగ్గర ఎవరైనా ఆగితే అది ముందే రాయండి, నేను చేసి చూసినవి కొన్ని ఉన్నాయి, పంపుతాను.